జూలియా మోర్గన్

అమెరికా దేశపు పడమటి తీరమున, పసిఫిక్ మహాసముద్రము ఒక ఇరుకైన ద్వారము గుండా లోనికి చొచ్చుకొని వచ్చి విశాలమైన అఖాతముగా ఏర్పడిన చోట శాన్ ఫ్రాన్సిస్కో నగరము కలదు. 1848వ సంవత్సరమున ఆ ప్రాంతమున బంగారము బయల్పడినదన్న వార్త వ్యాపించినంతనే దేశదేశముల ప్రజలు అచ్చటికి పరుగులెత్తిరి. కొద్ది సంవత్సరములలోనే చిన్న పల్లె మహానగరమయ్యెను. తొందరలో లేచిన నగరమగుటచే అందలి ఇండ్లలో పెక్కు కొయ్యతో కట్టినవి. అట్టి నగరమున 1872వ సంవత్సరము జనవరి 20వ తేదీన జూలియా మోర్గన్ జన్మించెను. తల్లి ఎలైజా సంపన్నుల ఇంటి ఆడబడుచు. తండ్రి చార్లెస్ మోర్గన్. వారి ఐదుగురు సంతానములో జూలియా రెండవది. ఆమె పసితనముననే ఆ కుటుంబము అఖాతమునకు ఆవలి ఒడ్డున నున్న ఓక్లండు పట్టణమునకు తరలిపోయెను.

జూలియా దేహము బక్కపలుచనిది. పెరిగి పెద్దదైన పిమ్మటను ఆమె ఎత్తు ఐదడుగులే. మాట మెల్లగా నుండెడిది. కాని ఒక పని పూనినచో దానిని విడుచుట ఆమె ఎరుగదు. న్యూయార్కు నగరమున పియర్ లెబ్రన్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి ఆమెకు బంధువు. ఎత్తైన భవనములు ఎట్లు రూపొందునో, వాని వెనుక ఎంత గణన, ఎంత ఊహ దాగియుండునో ఆ బంధుత్వము వలన ఆమెకు చిన్ననాటనే కొంత తెలిసెను. తానును వాస్తుశిల్పి కావలెనని ఆమె నిశ్చయించుకొనెను.

1890లో ఆమె బర్కిలీ యందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరెను. ఆ విశ్వవిద్యాలయపు తలుపులు బాలికలకు తెరచియే యుండినను, ఇంజనీరింగు తరగతులలో చేరు బాలికలు మాత్రము మిక్కిలి అరుదు. వాస్తుశిల్పమునకు అచ్చట అప్పటికి ప్రత్యేక శాఖ లేదు. అందుచే దానికి దగ్గరి చుట్టమైన సివిల్ ఇంజనీరింగును ఆమె ఎన్నుకొనెను. దూలము ఎంత బరువును మోయగలదు, స్తంభము ఎప్పుడు వంగును, నేల ఎంత భారమునకు దిగబడును అను విషయములను నాలుగేండ్లు అభ్యసించెను. కోరిన విద్య దొరకక మరొక విద్యతో తృప్తి పడవలసివచ్చినదని అప్పుడు ఆమె విచారించి యుండవచ్చును. అయినను ఆమె భావిజీవితములోని గొప్ప విజయములకు ఆ ఇంజనీరింగు చదువే పునాది.

చదువు ముగియుచుండిన దినములలో బెర్నార్డ్ మేబెక్ అను వాస్తుశిల్పి ఆ విశ్వవిద్యాలయమునకు రేఖాచిత్రణము బోధించుటకై వచ్చెను. ఆయన వాస్తుశిల్పమునందు ఆసక్తి గల విద్యార్థులను కొందరిని తన ఇంటికి పిలిచి, జీతము లేకుండ ఆ విద్యను నేర్పుచుండెను. జూలియా ఆ గుంపులో చేరెను. 1894లో పట్టము పొందిన పిదప కొంతకాలము ఆయనయొద్దనే పనిచేసెను. మేబెక్ తాను పారిస్ నగరమున చదివినవాడు. ఈ చిన్నదాని నైపుణ్యమును చూచి, ఆమెయు పారిస్‌కు పోవలెనని ఆయన ప్రోత్సహించెను.

ఆ కాలమున వాస్తుశిల్ప విద్యకు పారిస్ కాశీక్షేత్రము వంటిది. అచ్చటి ఎకోల్ డే బోజార్ అను లలితకళా విద్యాలయమున చదివినవారికి ప్రపంచమున ఎచ్చటనైనను గౌరవము లభించుచుండెను. వివిధ దేశముల నుండి యువకులు ప్రవేశమునకై పోటీపడుచుండిరి. యువకులు మాత్రమే. వాస్తుశిల్ప శాఖయందు అంతవరకు ఒక్క స్త్రీయును అడుగిడియుండలేదు. అయితే ఫ్రెంచి దేశపు స్త్రీ కళాకారులు తమకును ఆ విద్యాలయమున ప్రవేశము కావలెనని కొన్ని సంవత్సరములుగా పట్టుబట్టుచుండిరి. తలుపు నేడో రేపో తెరువబడునన్న ఆశతో జూలియా 1896లో సముద్రము దాటి పారిస్ చేరెను. అప్పటికి ఆమె వయస్సు ఇరువదినాలుగు సంవత్సరములు.

ఆ విద్యాలయపు పద్ధతి విచిత్రమైనది. చిత్రించుట, రూపకల్పన చేయుట అను అసలు విద్యను విద్యార్థులు బయట ఒక గురువుగారి కార్యశాలలో చేరి నేర్చుకొనవలెను. జూలియా మొదట మార్సెల్ ద మాంక్లో అను వాస్తుశిల్పి కార్యశాలలో చేరి ప్రవేశ పరీక్షకు సిద్ధపడసాగెను. భాష క్రొత్తది, కొలతలు క్రొత్తవి. అడుగులు, అంగుళములతో లెక్కించుటకు అలవాటు పడిన చేయి ఇప్పుడు మీటర్లతో లెక్కింపవలసివచ్చెను. 1897లో విద్యాలయము స్త్రీలను పరీక్షకు కూర్చుండనిచ్చుటకు అంగీకరించెను.

ఆ పరీక్ష సామాన్యమైనది కాదు. అభ్యర్థిని ఒక చిన్న గదిలో కూర్చుండబెట్టి, ఒక భవనమును గూర్చి విషయమునిచ్చి, పండ్రెండు గంటలలో పటమును సిద్ధము చేయుమందురు. ఇదిగాక బొమ్మ గీయవలెను. మట్టితో అచ్చు తీయవలెను. గణితమునందు, చరిత్రయందు ప్రశ్నలకు ఫ్రెంచి భాషలో సమాధానము చెప్పవలెను. వందలాది అభ్యర్థులలో మొదటి ముప్పదిమందికి మాత్రమే ప్రవేశము. జూలియాకు నలువదిరెండవ స్థానము వచ్చెను.

ఆమె మరల చదివి, మరల వ్రాసెను. ఈసారి ఆమె పని మునుపటికంటె ఎంతయో మెరుగుగా నుండెను. కాని పరీక్షకులు ఆమె మార్కులను తగ్గించి వేసిరి. యువతులను ప్రోత్సహించుట వారికి ఇష్టము లేదని ఆమె విని, ఆ సంగతిని తన వారికి లేఖలో తెలిపెను. తెలియక తప్పుట ఒకటి. తెలిసి వ్రాసినను తప్పించుట వేరొకటి. మొదటిదానిని శ్రమతో దిద్దుకొనవచ్చును. రెండవదానికి ఏమి చేయవలెను? ఇంటికి మరలిపోయినచో ఆమెను తప్పుపట్టువారు ఉండరు. స్వదేశమున ఏదో యొక కార్యాలయములో పటములు గీయు కొలువు దొరకకపోదు. ఆమె మరలిపోలేదు. ఎంతటి పక్షపాతము గలవాడును తగ్గింప సాహసింపలేనంత బాగుగా వ్రాయుట యొక్కటే మార్గమని తలచినట్లు, మూడవసారి పరీక్షకు కూర్చుండెను. 1898వ సంవత్సరము చివర ఫలితములు వెలువడెను. ఆమెకు పదమూడవ స్థానము లభించెను. ఆ విద్యాలయపు వాస్తుశిల్ప శాఖలో ప్రవేశము పొందిన మొదటి స్త్రీ జూలియా మోర్గన్.

అంతటితో చిక్కులు తీరలేదు. ముప్పది సంవత్సరములు నిండినవారు ఆ విద్యాలయమున విద్యార్థులుగా ఉండుటకు వీలులేదు. ప్రవేశము సంపాదించునప్పటికే ఆమెకు ఇరువదియారు సంవత్సరములు దాటినవి. అందరికిని ఒకేసారి తరగతులు మారు పద్ధతి అచ్చట లేదు. నెలనెలయు పోటీలు జరుగుచుండును. వానిలో నెగ్గి గుణాంకములను కూడబెట్టుకొన్న కొలదిని విద్యార్థి పైకి పోవును. ఒక్కొక్కరికి ఐదారేండ్లు పట్టుట సామాన్యము. జూలియాకు మిగిలిన వ్యవధి మూడేండ్లకు కొంచెము పైమాట.

ఆమె షోసెమిష్ అను గురువుగారి కార్యశాలలో చేరి రాత్రింబవళ్లు శ్రమించెను. పోటీకి గడువు ముగియు వేళ విద్యాలయము వారి బండి కార్యశాలల వెంట తిరుగుచు పటములను ఎక్కించుకొని పోవుట అచ్చటి వాడుక. పని ముగియని విద్యార్థులు ఆ బండి వెంట నడుచుచునే చివరి గీతలు గీయుచుందురట. తమ్ముడు ఏవరీ పారిస్‌కు వచ్చి కొంతకాలము ఆమెకు తోడుగా నుండెను. ఇంటినుండి వచ్చు డబ్బు పరిమితమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు గొప్ప దాత్రియైన ఫీబీ హర్‌స్టు అను సంపన్నురాలు జూలియా శ్రమను ఎరిగి, ఖర్చులకు సహాయము చేయుదునని కబురు చేసెను. డబ్బు వలన తన పని మెరుగుపడునన్న నమ్మకము తనకు లేదని, జూలియా వినయముతోనే ఆ సహాయమును నిరాకరించెను. దాత్రి నొచ్చుకొనలేదు. ఆ పేరును మాత్రము మనస్సున ఉంచుకొనెను.

1902వ సంవత్సరము జనవరిలో జూలియాకు ముప్పదియేండ్లు నిండెను. అప్పటికి కావలసిన గుణాంకములు పూర్తియైనవి. రాజభవనమున నుండదగిన ఒక నాటకశాలకు ఆమె రచించిన పటము ఆ విద్యాలయమున ఆమె చివరి విజయము. ధ్రువపత్రమును గైకొని ఆమె స్వదేశమునకు మరలెను. వాస్తుశిల్పమున ఆ ధ్రువపత్రము పొందిన స్త్రీ అంతకు ముందు లేదు.

శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతమున జాన్ గేలెన్ హోవర్డు అను ప్రముఖ వాస్తుశిల్పి ఆమెను తన కార్యాలయమున నియమించెను. విశ్వవిద్యాలయపు ఖనిశాస్త్ర భవనము, బహిరంగ నాటకశాల ఆయన పర్యవేక్షణలో కట్టబడుచుండెను. ఆ పనులయందు జూలియా పాల్గొనెను. ఆమె నేర్పు అసాధారణమని, స్త్రీ యగుటచే ఆమెకు జీతము దాదాపు ఇయ్యనక్కరలేదని ఆయన ఇతరులతో చెప్పుకొనెనను వాడుక కలదు. ఆ మాట ఆమె చెవిన పడెనని కూడ చెప్పుదురు. ఆమె ఎదురాడలేదు; ఒక్కొక్క కాసును కూడబెట్టుచు సమయమునకై వేచియుండెను. 1904లో కాలిఫోర్నియా రాష్ట్రమున వాస్తుశిల్పిగా అనుమతిపత్రము పొందిన మొదటి స్త్రీయై, శాన్ ఫ్రాన్సిస్కోలో సొంత కార్యాలయమును తెరచెను.

ఆ సంవత్సరమే ఓక్లండులోని మిల్స్ కళాశాలలో ఆమె నిర్మించిన గంటగోపురము పూర్తియయ్యెను. ఎత్తు 72 అడుగులు; అందు పది గంటలు. దానిని ఆమె ఇటుకతోగాని కొయ్యతోగాని కట్టక, ఇనుప కమ్మీలు పొదిగిన కాంక్రీటుతో కట్టించెను. కాంక్రీటు పైనుండి పడు బరువును చక్కగా మోయును. కాని దానిని లాగినను వంచినను బీటలు వారును. ఇనుము లాగుడుకు ఓర్చుకొనును. రెండును కలిసినప్పుడు ఒకదాని లోపమును ఒకటి తీర్చును. ఆ తీరమున ఈ పద్ధతి అప్పటికి క్రొత్తది. ఇంత ఎత్తైన గోపురమును ఒక యువతి ఆ క్రొత్త పద్ధతిలో కట్టుటను అనుమానముతో చూచినవారు లేకపోలేదు.

1906వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారుజామున ఐదు గంటల పండ్రెండు నిమిషములకు భూమి కంపించెను. అది ఒక నిమిషమునకు మించని ఉత్పాతమే. కాని గ్యాసు గొట్టములు పగిలి నిప్పు లేచెను. నీటి గొట్టములును పగులుటచే ఆర్పుటకు నీరు కరవయ్యెను. కొయ్యతో కట్టిన ఆ నగరము రోజుల తరబడి మండెను. దాదాపు 28,000 కట్టడములు నాశనమయ్యెను. సుమారు మూడువేలమంది మరణించిరని అంచనా. నగర ప్రజలలో సగముకంటె ఎక్కువమంది నిలువ నీడలేనివారైరి. జూలియా కార్యాలయమును, అందలి పటములును బూడిదయయ్యెను.

అఖాతమునకు ఆవల మిల్స్ కళాశాలలో గంటగోపురము చెక్కుచెదరక నిలిచియుండెను.

దానికి మించిన సిఫారసు పత్రము మరియొకటి అక్కరలేకపోయెను. నగరమున ఒక ఎత్తైన గుట్టపై ఫెయిర్‌మాంట్ హోటలు అను గొప్ప భవనము ప్రారంభోత్సవమునకు సిద్ధమగుచుండగా ఈ విపత్తు సంభవించినది. గోడలు నిలిచినను లోపల అంతయు కాలిపోయెను, స్తంభములు వంగెను, అంతస్తులు క్రుంగెను. దానిని బాగుచేయు బాధ్యతను యజమానులు ముప్పదినాలుగేండ్ల జూలియాకు అప్పగించిరి. ఏ స్తంభమును మార్చవలెను, దేనిని నిలుపవచ్చును అను విషయమును తేల్చుటకు ఆమె ప్రతి అంతస్తును స్వయముగా పరిశీలించెను. బర్కిలీలో చదివిన ఇంజనీరింగు ఇచ్చట అక్కరకు వచ్చెను. ఒక పత్రికా విలేఖరురాలు పనిని చూడవచ్చి, లోపలి అలంకారమంతయు ఆమెదే కాబోలునని మెచ్చుకొనెను. రంగులద్దుట, పూతలు పూయుట తన పని కాదని, భవనమును నిలబెట్టుటయే తన పనియని జూలియా ఆమెకు నచ్చజెప్పవలసివచ్చెను. 1907 ఏప్రిల్‌లో, విపత్తు జరిగిన సంవత్సరమునకు, ఆ హోటలు తలుపులు తెరచెను.

ఆ పిమ్మట ఆమెకు పనికి కొదవ లేదు. మర్చంట్స్ ఎక్స్‌చేంజి అను భవనమున ఆమె కార్యాలయము వెలసినది. అచ్చట మంచి గ్రంథాలయమును సమకూర్చెను. పారిస్‌లోని కార్యశాలల వలెనే చిన్నవారు పెద్దవారి ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనుచుండిరి. వారిలో యువతులును ఉండిరి. లాభము వచ్చిన సంవత్సరమున దానిలో భాగమును పనివారికి పంచిపెట్టెడిది. పనియందు మాత్రము ఆమె కఠినురాలు. నిలువెత్తు పరంజాలను తానే ఎక్కి చూచెడిది. మేస్త్రీ పని సరిగా లేదని తోచినచో తన చేతులతో ఊడదీసి మరల కట్టించెడిది.

ధనికులకు మేడలు కట్టుటయే గొప్ప యని ఆమె భావింపలేదు. గుడులు, బడులు, ఆసుపత్రులు, మధ్యతరగతి గృహస్థుల ఇండ్లు ఆమె కట్టినవానిలో ఎక్కువ. క్రైస్తవ యువతుల సంఘమునకు అనేక నగరములయందు వసతిగృహములు నిర్మించెను. మాంటెరే సముద్రతీరమున 1913 మొదలుకొని ఆ సంఘమునకు కట్టిన అసిలోమార్ విడిది సముదాయము వానిలో ప్రసిద్ధము. కొద్ది జీతములకు పనిచేయు బాలికల వసతిగృహమున, వారు తమ స్నేహితులను పిలిచి భోజనము పెట్టుకొనుటకు చిన్న చిన్న గదులు ఉండవలెనని ఆమె పట్టుబట్టెను. పేదపిల్లలకు ఇన్ని సదుపాయములు ఎందుకని నిర్వాహకులు అడుగగా, వారు పేదలగుటయే కారణమని ఆమె భావము.

1919లో విలియం రాండాల్ఫ్ హర్‌స్టు అను పత్రికాధిపతి ఆమెయొద్దకు వచ్చెను. పారిస్‌లో సహాయము చేయవచ్చిన ఫీబీ హర్‌స్టు కుమారుడే ఈయన. శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణమున సుమారు 200 మైళ్ల దూరమున, సముద్రమునకు ఎగువ నున్న కొండపై చిన్న విడిది యొకటి కావలెనని ఆయన కోరెను. ఆ చిన్న విడిది పెరిగి పెరిగి 165 గదుల భవన సముదాయమయ్యెను. కొండపైకి బాటయే సరిగా లేదు. సామగ్రిని ఓడలలో తెచ్చి, రేవునుండి కొండపైకి లాగవలసివచ్చెను. హర్‌స్టు యూరపు నుండి పాత పైకప్పులను, ద్వారబంధములను, విగ్రహములను కొని పంపుచుండును. వానికి తగినట్లు గదులను మలచవలసిన భారము జూలియాది. ఆయన అభిప్రాయములు తరచు మారుచుండెను. అక్కడి పెద్ద ఈతకొలనును మూడుసార్లు కట్టవలసివచ్చినది. మరొకరైనచో విసిగి పని వదలియుందురు. ఆమె వారమంతయు నగరమున కార్యాలయపు పనులు చూచుకొని, వారాంతమున రాత్రి రైలెక్కి, తెల్లవారి మోటారులో ఏబది మైళ్లు పోయి కొండపై దిగెడిది. ఇరువదియేండ్లలో ఇట్టి ప్రయాణములు ఐదువందలకు పైగా చేసెను. పని 1947 వరకు సాగినది. 1958 నుండి ఆ భవనమును ప్రజలు దర్శించుచున్నారు.

ఈ నడుమ 1932లో చెవి వెనుక జరిగిన శస్త్రచికిత్స వలన ఆమె ముఖమున ఒక ప్రక్క నరము దెబ్బతినెను. నడకలో నిలకడ తప్పెను. అయినను పరంజా లెక్కుట మానలేదు. చూచువారికి గుండె దడదడలాడెడిది.

ఆమె వివాహము చేసికొనలేదు. పత్రికలతో ముచ్చటించుట ఆమెకు గిట్టదు. తన పేరును పలకపై వ్రాయించి కట్టడముల ముందు నిలుపుట కూడ ఇష్టపడలేదు. కట్టిన భవనమే తన తరపున మాటలాడునని ఆమె విశ్వాసము. అది గొప్ప గుణమే. కాని దాని వలన నష్టమును కలిగినది: పేరు చాటుకొనిన సమకాలికులు గ్రంథములకెక్కగా, ఏడువందలకు పైగా కట్టడములను రూపొందించిన ఈమెను చరిత్రకారులు చాలకాలము మరచిపోయిరి. 1951లో ఆమె కార్యాలయమును మూసివేసెను. 1957వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన, ఎనుబదియైదవ యేట, శాన్ ఫ్రాన్సిస్కోలో కన్నుమూసెను. ఓక్లండులో కొండవాలుననున్న శ్మశానవాటికలో ఆమెను తన వారి ప్రక్కన సమాధి చేసిరి.

అమెరికా వాస్తుశిల్పుల సంస్థ 1907 మొదలుకొని స్వర్ణపతకమును ఇచ్చుచున్నది. 2014వ సంవత్సరపు పతకమును అది జూలియా మోర్గన్ పేర ప్రకటించినది. ఒక స్త్రీకి ఆ పతకము లభించుట అదియే మొదటిసారి. అప్పటికి ఆమె మరణించి 57 సంవత్సరములు గడచినవి.